సైకిలు వెనక ఒంటిచక్రం

ఎద్దుల బండికి కట్టెలు ఎత్తడం దగ్గరుండి చూసినవాళ్లకు ఒక సంగతి గుర్తుంటుంది. బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కి ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి, మెడ కింద కట్టిన తాడు ఎద్దు గొంతు పట్టుకుంటుంది. అందుకే బండి తోలేవాడు కట్టెలన్నీ ఎత్తించాక కాడిని చేత్తో ఒకసారి పైకెత్తి చూస్తాడు. అది తేలిగ్గా లేవాలి, కానీ తనంతట తాను లేవకూడదు. అవసరమైతే రెండు మోపులు ఇటువి అటు మార్పిస్తాడు. ఇరుసు మీద ఎంత, ఎద్దు మీద ఎంత అన్నదే అక్కడి లెక్క.

సైకిలు మీద దూరప్రయాణాలు చేసేవాళ్లు సామాను ఎట్లా తీసుకుపోవాలన్న వాదం అమెరికా, ఐరోపాల్లో ముప్పై ఏళ్లుగా తెగడం లేదు. చక్రాలకు ఇరుపక్కలా సంచులు వేలాడదీయాలా? వెనక చిన్న బండి తగిలించాలా? తగిలిస్తే దానికి ఒక చక్రమా, రెండా? ఒంటిచక్రం బండిని మెచ్చుకునేవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు, గిట్టనివాళ్లు అది కట్టుకున్న సైకిలును తోక తొక్కిన పాముతో పోలుస్తారు. ఇద్దరి మాటలూ విన్నప్పుడు నాకు ఆ కాడి ఎత్తి చూసే చెయ్యే గుర్తొస్తుంది. తేల్చుకోవలసింది అదే లెక్క. కాకపోతే ఇక్కడ ఎద్దు మనమే.

ఈ బండి మంచిచెడ్డలన్నీ ఒకచోట పెట్టి చూసి, ఆ తర్వాత దాన్ని మా సీమ దారుల మీద మనసులో ఒకసారి నడిపి చూస్తే ఎట్లుంటుందన్నదే ఈ వ్యాసం. ఆ దారి కడప జిల్లా చక్రాయపేట నుంచి మొదలవుతుంది. అక్కడి నుంచి పాపఘ్ని వెంబడి గండి, ఆపైన వేంపల్లె, పులివెందుల, తొండూరు, ముద్దనూరు, జమ్మలమడుగు, చివరికి పెన్న ఒడ్డున గండికోట. తిరుగుముఖం పట్టేటప్పుడు ప్రొద్దుటూరు. ఊరి పేరులో చక్రం ఉందని చక్రాయపేటను ఎత్తుకున్నాననుకునేరు. రెండు నదులు కొండలను కోసుకుని పారిన రెండు గండ్లను ఒక్క దారిలో కలిపే ప్రయాణం ఇది. సైకిలు వేగానికి ఇంతకంటే బాగా నప్పే దారి మా వైపు ఇంకొకటి నాకు తోచలేదు.

చక్రం ఎక్కడుంది?

ఇల్లు కట్టే చోట ఇసుక, మట్టి తోసే ఒంటిచక్రం బండిని చూడండి. చక్రం ముందుంటుంది, తోసేవాడు వెనకుంటాడు, బరువు నడుమ ఉంటుంది. కాబట్టి బరువులో మంచి వాటా చేతుల మీదే పడుతుంది. పది తట్టలు తోసేసరికి భుజాలు పీకుతాయి. చైనావాళ్లు వాడిన పాత ఒంటిచక్రం బండి అట్లా ఉండదు. చాలా పెద్ద చక్రం బండికి నట్టనడుమ ఉంటుంది, సామాను దానికి ఇరుపక్కలా, పైనా కట్టుకుంటారు. బరువంతా చక్రమే మోస్తుంది. తోసేవాడు బండి పక్కకు ఒరగకుండా పట్టుకుంటే చాలు. మూడో శతాబ్దంలో జూగె లియాంగ్ అనే మంత్రి తన సైన్యానికి తిండిగింజలు చేరవేయడానికి దీన్ని కనిపెట్టాడని అక్కడి ఐతిహ్యం.

సైకిలు వెనక తగిలించే ఒంటిచక్రం బండ్లలోనూ సరిగ్గా ఈ రెండు జాతులే ఉన్నాయి.

మొదటిది 1990లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, శాన్ లూయిస్ ఒబిస్పో అనే ఊళ్లో పుట్టిన బాబ్. ఆ మూడక్షరాల పేరు విప్పితే ‘బరువులు మోసే పశువులు’ అని అర్థం. అందులో బాగా పేరు మోసిన మోడల్ యాక్, అంటే జడల బర్రె. కుదుపులు తట్టుకునే స్ప్రింగుతో వచ్చిన దాని తమ్ముడు ఐబెక్స్, అంటే కొండమేక. యాక్ బరువు సుమారు 6 కిలోలు, మోయగలిగింది 32 కిలోలు. ఉక్కు గొట్టాలతో అల్లిన పడవలాంటి తొట్టి నేలకు దగ్గరగా వేలాడుతుంది. దాని వెనక 16 అంగుళాల చక్రం, ముందు సైకిలు వెనక ఇరుసును రెండు వైపులా పట్టుకునే ఫోర్కు. చక్రం చివర ఉంది కాబట్టి సామాను బరువు చక్రానికీ సైకిలు ఇరుసుకూ పంచుకుపోతుంది. సైకిలు వంతు సగానికి కాస్త తక్కువ ఉండొచ్చు. మన తాపీపని బండిని తిరగేసి సైకిలుకు కట్టినట్టన్నమాట. దాన్నే కాస్త సవరించి బర్లీ అనే ఒరెగాన్ కంపెనీ కోహో పేరుతో బండి చేసింది. అదీ మోసేది 32 కిలోలే. కానీ దానికి స్టాండు ఉంది. ఈ స్టాండు సంగతికి మళ్లీ వస్తాను, అది చిన్న విషయం కాదు.

రెండో జాతి పోలండ్‌లో తయారయ్యే ఎక్స్‌ట్రావీల్. ఇందులో తొట్టి లేదు. సైకిలు చక్రమంత పెద్ద చక్రం ఒక్కటి, దానికి ఇరుపక్కలా వేలాడే రెండు సంచులు. అచ్చంగా చైనా బండి పద్ధతే. బరువు చక్రం మీదే ఉంటుంది గనుక సైకిలు మీద పడేది నామమాత్రం. బండి చక్రమూ సైకిలు చక్రమూ ఒకే సైజువైతే టైరు, ట్యూబు, స్పోకులు అన్నీ ఒకదానివి ఇంకొకదానికి పనికొస్తాయి. ఎడారిలో వెనక రిమ్ము పోతే బండి రిమ్ము తీసి బిగించుకోవచ్చునని ఈ బండి అభిమానులు చెబుతారు. మాట నిజమే గానీ, గేర్లున్న సైకిలుకు వెనక బొడ్డు వేరే రకం కాబట్టి ఆ మార్పిడి ముందు చక్రానికి కుదిరినంత సులువుగా వెనకదానికి కుదరదు.

జాతి ఏదైనా రెండింటికీ ఒక్కటే ప్రాణం, అది కీలు. రెండు చక్రాల బండి తన కాళ్ల మీద తాను నిలుస్తుంది. సైకిలుకూ దానికీ మధ్య ఒక వదులు ముడి ఉంటే చాలు. సైకిలు పడిపోయినా బండి నిలబడే ఉంటుంది. ఒంటిచక్రం బండి తనంతట తాను నిలవలేదు. సైకిలు నిటారుగా ఉంటే అదీ నిటారు, సైకిలు వాలితే అదీ వాలుతుంది. మలుపులో మాత్రం నిలువు కీలు చుట్టూ అటూ ఇటూ తిరుగుతుంది. ఆ కీలులో పిసరంత లూజు ఉన్నా, బండి పక్కకు ఊగే ప్రతి ఊపూ సైకిలు వెనక భాగాన్ని మెలిపెడుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు అది తెలియదు. దిగువకు జారేటప్పుడు వేగం పెరిగేకొద్దీ తోక ఊగడం మొదలై, ఆ ఊపు హ్యాండిల్ దాకా వస్తుంది. గంటకు 40 కిలోమీటర్లు దాటకపోవడం మంచిదని ఈ బండ్లతో తిరిగినవాళ్లు చెప్పేది అందుకే. బరువైన వస్తువు అడుగున పెట్టాలి, ఎడమా కుడీ సమానంగా సర్దాలి. సంచి మీద సంచి పేర్చి ఎత్తు పెంచితే ఊపు ఇంకా ముందే మొదలవుతుంది.

ఇరుసుకు తగిలించే పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. బాబ్ వాళ్లు ఇచ్చే ప్రత్యేకమైన ఇరుసు పుల్ల చివర్లలో ఫోర్కు కాళ్లు కూర్చుంటాయి, అవి జారిపోకుండా రెండు చిన్న పిన్నులు గుచ్చుతారు. మన బండి చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర కొట్టే కడచీల అదే. వేల ఏళ్ల నాటి చీల కాలిఫోర్నియాలో స్టెయిన్‌లెస్ స్టీలు చొక్కా తొడుక్కుని వచ్చింది. కొత్త కొండ సైకిళ్లకు చక్రం గుండా దూరిపోయే లావాటి ఇరుసు వస్తోంది గనుక పాత పుల్ల వాటికి పట్టదు, వేరే ఇరుసు కొనాలి. అట్లాంటివి చేసిపెట్టే చిన్న కంపెనీలు అక్కడ ఉన్నాయి, రాబర్ట్ యాక్సిల్ ప్రాజెక్ట్ ఒకటి. ఇక్కడ లేవు.

బరువు గురించి కాస్త లెక్క. 20 కిలోల సామాను, 6 కిలోల బండి. నూటికి 5 అడుగులు లేచే ఎత్తు మీద గంటకు 9 కిలోమీటర్ల వేగంతో తొక్కితే ఆ 26 కిలోలను పైకి లాగడానికే సుమారు 32 వాట్లు కావాలి. బండి ఒక్కదాని వంతు 7 వాట్లు. రోజంతా తొక్కే మామూలు మనిషి కాళ్లు ఇచ్చేది 100 నుంచి 150 వాట్లు. కాబట్టి బండి దండగ బరువన్న వాదం నిజమే. కానీ అవతలి పక్క కూడా చూడాలి. ముందూ వెనకా క్యారియర్లు, నాలుగు సంచులు కలిపితే వాటి ఖాళీ బరువే 5 కిలోల దగ్గరికి వస్తుంది. రెంటికీ తేడా కిలో, రెండు కిలోలు. ఈ కిలోల మీద పేజీలకు పేజీలు రాసుకున్నవాళ్లంటే నాకు గౌరవమే గానీ, పొద్దున్నే నాలుగైదు గ్లాసుల నీళ్లు ఎక్కువ తాగినా కాస్త అటూ ఇటుగా అంత తేడా వస్తుంది.

అసలు తేడా దిగేటప్పుడు తెలుస్తుంది. బండికి బ్రేకు లేదు. మనిషి 65 కిలోలు, సైకిలు 15 కిలోలు అనుకుంటే, 26 కిలోల బండి తోడైనప్పుడు సైకిలు బ్రేకులు ఆపవలసిన బరువు దాదాపు మూడో వంతు పెరిగినట్టు. రాయచోటి నుంచి కడపకు పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. పాలకోవా కోసం అందరూ ఆగేది దాని పైనే. ఆ ఘాటులో లారీల మధ్య, వెనక నుంచి తోసుకొచ్చే తోకతో దిగడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఎవరి కోసం పుట్టింది?

ఒంటిచక్రం బండి పేరు తెచ్చుకున్నది కాలిబాటల మీద. ఉత్తర అమెరికాలో రాకీ పర్వతాల వెన్ను వెంబడి కెనడా నుంచి మెక్సికో సరిహద్దు దాకా గ్రేట్ డివైడ్ అనే సైకిలు దారి ఉంది. 4,000 కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో ఎక్కువ భాగం మట్టి రోడ్లు, అడవి బాటలే. మోంటానా రాష్ట్రం మిజూలాలోని అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్ 1990లలో దానికి పటాలు గీసింది. యాక్ బండి సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. అప్పట్లో కుదుపులు మింగే ఫోర్కులున్న సైకిళ్లలో చాలావాటికి క్యారియర్ బిగించుకునే కన్నాలు ఉండేవి కావు. సంచులు వేలాడదీస్తే రాళ్లకూ తుప్పలకూ తగిలేవి. రెండు చక్రాల బండి ఆ సన్నటి బాటలో పట్టదు, ఒక చక్రం రాయి ఎక్కితే బండి బోర్లా పడుతుంది. ఒంటిచక్రం మాత్రం సైకిలు జాడలోనే నడుస్తుంది. సైకిలు పట్టిన సందులో అదీ పడుతుంది. అట్లా ఆ దారీ ఈ బండీ ఒకదానికొకటి అచ్చొచ్చాయి.

ఆ దారికి ఇంకొక లక్షణం ఉంది, మా సీమతో పోల్చేటప్పుడు అదే ముఖ్యం. అక్కడ ఒక అంగడికీ ఇంకో అంగడికీ మధ్య ఒక రోజు ప్రయాణం, ఒక్కోచోట అంతకు మించి ఉంటుంది. గుడారం, పరుపు, పొయ్యి, మూడు నాలుగు రోజుల తిండి, నీళ్లు వెంట ఉండాలి. ఇరవై, పాతిక కిలోలు తప్పవు. బండి పుట్టింది ఆ పాతిక కిలోల కోసం.

తర్వాత ఏమైందంటే, సామానే చిక్కిపోయింది. గుడారం కిలోకు దిగింది, పరుపు అరకిలోకు. 2008లో అదే దారి మీద టూర్ డివైడ్ పందెం మొదలయ్యాక, సీటు కిందా హ్యాండిల్ ముందూ ఫ్రేము మధ్యా కట్టుకునే మెత్తటి సంచులు బాగా వాడుకలోకి వచ్చాయి. క్యారియరూ వద్దు, బండీ వద్దు. బాబ్ కంపెనీ పిల్లల తోపుడు బండ్లు అమ్ముకుంటూ బ్రిటాక్స్ అనే పెద్ద కంపెనీ చేతికి పోయింది. యాక్ ఇప్పుడు కొత్తది దొరకదు, పాతవే చేతులు మారుతున్నాయి. అంటే మనం మంచిచెడ్డలు చూస్తున్నది పుట్టినచోటే వాడుక తగ్గిపోయిన వస్తువును. వాడుక తగ్గింది కాబట్టి పనికిరాదని కాదు. ఏ పనికి పుట్టిందో ఆ పని తగ్గింది, అంతే.

ఈ సంచులు రాకముందు, ఈ బండ్లు రాకముందు కూడా సైకిలు యాత్రలున్నాయి. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి బయలుదేరిన అది హకీం, జాల్ బాపసోలా, రుస్తం భుంగరా అనే పార్సీ యువకులు ఇరాన్, మెసొపొటేమియా ఎడారులు దాటి ప్రపంచమంతా చుట్టి 1928 మార్చిలో తిరిగొచ్చారు. దాదాపు 71,000 కిలోమీటర్లు. సామానంతా సైకిలు మీదే కట్టుకుపోయారు. వెనక బండి లేదని వాళ్ల యాత్ర ఆగలేదు.

గండి నుంచి గండికోట దాకా

ఇక మా దారి. చక్రాయపేట మండలంలోనే, పాపఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి గుడి ఉంది. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టిన ఈ ఏరు ఇక్కడ కొండను కోసుకుని బయటపడి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. శ్రావణమాసం శనివారాల్లో గండిలో ఇసకేస్తే రాలనంత జనం. రాముడు బాణం మొనతో ఆంజనేయుడి బొమ్మ గీశాడని స్థలపురాణం. ఇంకో కథ కూడా ఉంది. దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో ఈ దారిన పోతూ రెండు కొండల నడుమ బంగారు తోరణం చూశాడంటారు. పోయేకాలం దగ్గరపడినవాళ్లకే ఆ తోరణం కనబడుతుందట. ఆ ఏడాది జులైలోనే ఆయన పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఏళ్ల తరబడి ఊరూరా గుడారాలు వేసుకుని తిరిగి రైతుల భూములకు శిస్తు నిర్ణయించిన మనిషి ఆయన. ఆ గుడారాలు మోసిన ఎద్దులెన్నో, బండ్లెన్నో!

మనకు గుడారం అక్కర్లేదు. తేడా అంతా ఇక్కడే ఉంది. మా సీమ ఎండిన నేలే గాని ఖాళీ నేల కాదు. చక్రాయపేట నుంచి గండికోట దాకా ఎక్కడ ఆగినా కొద్ది దూరంలో ఒక టీకొట్టు, ఒక చిల్లరంగడి, నీళ్ల క్యాన్లు అమ్మే ప్లాంటు ఉంటాయి. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం సంగటి, రాత్రికి పులివెందులలోనో జమ్మలమడుగులోనో లాడ్జి. గండిలో గుడి దగ్గర తలదాచుకోవచ్చు. గండికోటలో గుడారాలు అద్దెకే దొరుకుతాయి. అమెరికా దారిలో పాతిక కిలోలు మోయించిన కారణాలు ఇక్కడ ఒక్కొక్కటే రాలిపోతాయి. మిగిలేది రెండు జతల బట్టలు, పంక్చరు సామాను, రెండు మూడు లీటర్ల నీళ్లు, ఒక దుప్పటి. ఏడెనిమిది కిలోలకు బండి కట్టడం అంటే చీమకు అంబారీ కట్టినట్టే.

వేసవి సంగతి అడుగుతారేమో. మే నెలలో మా దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అప్పుడు సైకిలు తొక్కేవాడికి రోజుకు ఎనిమిది, పది లీటర్లు పడుతుంది. నీళ్లన్నీ వెంట తీసుకుపోవాలంటే పది కిలోలు, బండి ఉంటే బాగుండుననిపిస్తుంది. కానీ నీళ్లు దొరికే చోట నీళ్లు మోయడం ఎందుకు? పైగా ఆ ఎండలో తొక్కవలసింది తెల్లవారుజామున నాలుగింటి నుంచి తొమ్మిదింటి దాకా. ఆ తర్వాత ఏ చింతచెట్టు కిందనో పడుకునేవాడికి బండి చేసే ఉపకారం ఏమీ లేదు.

రోడ్డు సంగతి. తారు రోడ్డు మీద ఒంటిచక్రం బండి నిజంగానే సాఫీగా నడుస్తుంది, ఇందులో దానికి వంక పెట్టలేం. వెడల్పు సైకిలు హ్యాండిల్ కంటే తక్కువ, గుంత తప్పించాలంటే ఒక్క గీత తప్పిస్తే చాలు. రెండు చక్రాల బండికి గుంతలు తప్పించడం అంటే ఒకటి తప్పిస్తే ఇంకోటి పడుతుంది. యర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు లారీలు వరసగా పోతుంటాయి, అక్కడ వెడల్పు తక్కువ ఉండటం ప్రాణానికి మంచిది. కానీ పొడవు మాట? సైకిలు దాటేశామనుకున్న డ్రైవరు ఎడమకు కోస్తే కిందపడేది ఆ వెనక ఉన్న తోకే. దానికి నిలువు కడ్డీ కట్టి జెండా పెడతారు. యాక్‌తో వచ్చే నీళ్లు దిగని సంచి పసుప్పచ్చగా ఉంటుంది, దూరానికి బాగా కనబడాలని. పులివెందుల నాలుగు రోడ్ల కూడలిలో మాత్రం పసుపు వట్టి రంగుగా చెలామణి కాదు. యాత్రికుడు సంచికి ఏ గోధుమరంగు గుడ్డో కప్పుకుంటే టీ ప్రశాంతంగా తాగొచ్చు.

తారు దిగితే ఇసక. పాపఘ్ని ఎక్కువ కాలం ఇసక ఏరే. ఇసకలో 16 అంగుళాల చక్రం దిగబడినంతగా పెద్ద చక్రం దిగబడదు. దిగబడిన బండిని వెనక్కి లాగుదామంటే ఇంకో తంటా. ఒంటిచక్రం బండిని వెనక్కి తోస్తే కీలు దగ్గర మడుచుకుని కత్తెరలా ముడుచుకుంటుంది. సన్నటి గట్టు మీద ఎదురుగా గొర్రెల మంద వస్తే వెనక్కి తిరగడం కూడా కష్టమే. అందరినీ పోనిచ్చి నిలబడటమే మేలు.

దిగితే ముళ్లు కూడా. అమెరికాలో సైకిలు తొక్కేవాళ్లు ‘మేకతల’ అని పేరు పెట్టి భయపడే ముల్లు ఒకటుంది. అది మన పల్లేరుకాయే. అదే జాతి, అదే మొక్క. పాదం ఎట్లా పెట్టినా ఒక కొన పైకే ఉండే ఆ కాయ మా చేల గట్లన్నిటి మీదా ఉంటుంది, దానికి తోడు కంపచెట్ల ముళ్లు. రెండు టైర్లకు భయపడేవాడు మూడో టైరు తగిలించుకోవడమంటే పంక్చరు అవకాశాన్ని సగం పెంచుకున్నట్టే. ఒక్క ఊరట ఉంది. బాబ్ బండి 16 అంగుళాల చక్రం సైజు మన దగ్గర చిన్నపిల్లల సైకిళ్లకు వచ్చేదే. వేంపల్లెలోనో ప్రొద్దుటూరులోనో టైరు, ట్యూబు దొరుకుతాయి. ఇటీవలి కొండ సైకిళ్ల 29 అంగుళాల టైరు కోసం మాత్రం కడపకో, బెంగళూరుకో పోవాలి.

మన సైకిలు అడిగే ప్రశ్న

ఇప్పటిదాకా చెప్పినదంతా గేరు సైకిలు గురించి. మా దారుల్లో నిజంగా బరువు మోసే సైకిలు అది కాదు. నల్లటి 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు ఉన్న పాత కాలపు హీరో, అట్లాస్, ఏవన్ సైకిళ్లవి. వాటి వెనక చక్రానికి 40 స్పోకులు, ముందు దానికి 32. ఈ లెక్క ఇంగ్లండు నుంచి వచ్చింది. బరువు ఎక్కడ పడుతుందో ఎరిగినవాడు వేసిన లెక్క. దాని మీద డబుల్ క్యారియరు వేసి, స్టీలు బిందెలు గుత్తులుగా వేలాడదీసి ఊరూరా అమ్మినవాళ్లను చూశాం. పాల క్యాన్లు ఇరుపక్కలా కొక్కేలకు తగిలించుకుని పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఐసు పెట్టె, కొబ్బరికాయల గెల, గడ్డిమోపు, చీరల మూట, గ్యాసు బండ, ఏదైనా ఎక్కాల్సిందే. ప్రొద్దుటూరు అంగళ్లలో గుడ్డలు తెచ్చుకుని పల్లెల్లో వాయిదాల మీద అమ్మే మూటల వ్యాపారికి సైకిలు క్యారియరే అంగడి.

బరువు మరీ ఎక్కువైతే మనవాళ్లు బండి తగిలించరు. దిగి నడుస్తారు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి తోసుకుంటూ పోతారు. అప్పుడు సైకిలు రెండు చక్రాల తోపుడు బండి అవుతుంది, బరువంతా చక్రాల మీదే ఉంటుంది, మనిషి దాన్ని నిలబెడితే చాలు. చైనా ఒంటిచక్రం బండి సూత్రం ఇదే. 1954లో వియత్నాంలో ద్యెన్ బ్యెన్ ఫు యుద్ధానికి వేలమంది ఇట్లాగే వెదురు కర్రలు కట్టిన సైకిళ్లను తోసుకుంటూ ఒక్కొక్క దాని మీద 200 కిలోల దాకా బియ్యం, మందుగుండు చేర్చారు. ఫ్రెంచివాళ్లు ఆ అడవిలో ఫిరంగులు రావనుకున్నారు. సైకిళ్ల సంగతి వాళ్ల లెక్కలోకే రాలేదు.

ఇంత మోసే సైకిలుకు ఒంటిచక్రం బండి తగిలిద్దామంటే మొదటి అడ్డంకి ఇరుసు దగ్గరే వస్తుంది. మన సైకిలుకు క్యారియర్ కాళ్లూ, వెనక్కి మడిచే స్టాండూ, చైను బిగించే కొక్కెమూ అన్నీ వెనక ఇరుసు చివరల మీదే బిగిస్తారు. ఇక బండి ఫోర్కుకు మర ఎక్కడ మిగులుతుంది? స్టాండు పీకేస్తే గాని చోటు రాదు. స్టాండు పీకేశాక సైకిలును ఎక్కడ నిలబెడతారు? గోడకు ఆనించినా బండి కీలు దగ్గర ముడుచుకుని సైకిలును పడేస్తుంది. సైకిలు పడిందంటే బండీ పడుతుంది, ముప్పై కిలోలతో కలిపి దాన్ని ఒక్కడే లేపడం ఏమంత తేలిక కాదు. కోహో బండికి స్టాండు పెట్టినవాడు ఇదంతా పడ్డవాడై ఉండాలి. టీకొట్టు దగ్గర సైకిలు స్టాండు వేసి, సామాను వంక చూసుకుంటూ బెంచీ మీద కూర్చోవడం మన యాత్రలో సగం సుఖం. ఆ సుఖాన్ని తీసేసే పరికరానికి నేను సులభంగా ఓటు వేయలేను.

అయినా బండి ఎవరికి పనికొస్తుంది? ముగ్గురు కనబడుతున్నారు. బెంగళూరు, హైదరాబాదుల నుంచి క్యారియర్ బిగించుకునే వీల్లేని సైకిళ్ల మీద గండికోటకు వచ్చేవాళ్లలో, కెమెరాలూ గుడారమూ తప్పదనేవాళ్లు. జమ్మలమడుగులో లాడ్జిలో బండిని వదిలేసి, 15 కిలోమీటర్ల కోట దారిని ఖాళీ సైకిలు మీద తొక్కి రావచ్చునన్న సౌకర్యం వాళ్లకు బాగుంటుంది. రెండోవాళ్లు నడుము నొప్పి వల్లనో, సైకిలు వెనక చక్రం బలహీనమనో దాని మీద బరువు పెట్టకూడదనుకునేవాళ్లు. వాళ్లకు తొట్టి బండి కంటే పోలండ్ తరహా పెద్ద చక్రమే తగును, ఎందుకంటే అది సైకిలు మీద బరువు వేయదు.

మూడోవాడు యాత్రికుడు కాదు, తోట రైతు. పులివెందుల చుట్టూ చీనీ తోటల్లో, అరటి తోటల్లో చెట్ల వరసల మధ్య పోయే కాలిబాట చూడండి. దాదాపు అమెరికా అడవి బాటంత సన్నం. అక్కడికి ఆటో రాదు, ట్రాక్టరు పట్టదు. ఎరువు బస్తా, డ్రిప్పు పైపుల చుట్ట, కాయల గంప తలమీద పోతాయి. ఒంటిచక్రం బండికి పుట్టింటి లాంటి చోటు మా దగ్గర ఉందంటే అది అదే. గొర్రెల కాపరి కూడా అటువంటివాడే. టీకొట్టు లేని గుట్టల్లో నెలల తరబడి ఉండేది అతనొక్కడే. ఖాళీ నేల లక్షణాలన్నీ అతని బతుకులో ఉన్నాయి.

వాళ్ల కోసం అయితే అమెరికా నుంచి తెప్పించాల్సిన పని లేదు. బండి ధరకు రవాణా, సుంకం కలిపితే ఇక్కడ ఒక మంచి గేరు సైకిలు వస్తుంది. ట్రాక్టరు ట్రాలీలు, బోరు మోటార్ల స్టాండ్లు చేసే వెల్డింగ్ షాపులో ఇది ఒక్క రోజు పని. అడుగుకు పిల్లల సైకిలు చక్రం వాడొచ్చు. కీలుకు మాత్రం తలుపు బందు వేయించొద్దు, వారం తిరక్కముందే లూజవుతుంది. పాత సైకిలు ఫ్రేములోంచి ముందు ఫోర్కు తిరిగే గొట్టాన్ని కప్పులు, గోళీలతో సహా కోయించి నిలువు కీలుగా పెట్టించాలి. హ్యాండిల్ ఎట్లా లూజు లేకుండా తిరుగుతుందో బండి కూడా అట్లా తిరుగుతుంది, కాస్త గ్రీజు వేస్తే చాలు. తొట్టి నేలకు జానెడు ఎత్తులో ఉండనివ్వండి, వెడల్పు మూరకు మించనివ్వకండి. ఎత్తు తగ్గితే గట్టు రాళ్లకు తగులుతుంది, పెరిగితే తోక ఊగుతుంది. ఇరుసు మర సరిపోకపోతే పొడుగు ఇరుసు వేయించండి గాని స్టాండు మాత్రం తీయించకండి. బండి తయారయ్యాక దాన్ని సైకిలుకు తగిలించకముందు పది కిలోల బస్తా తొట్టిలో పెట్టి, ఫోర్కును చేత్తో ఒకసారి పైకెత్తి చూడండి.